హఫర్ సంతలో పిలిచిన పేరు

2007 ఫిబ్రవరి 16, శుక్రవారం

మస్తానమ్మ ఫోన్ చేసింది. గుసగుసగా... "వచ్చే వారం మా బాబా వాళ్లు ఆ పక్క ఎడారిలో డేరాలేసుకునేదానికి వచ్చాండారు. నన్నూ తోల్కొస్తారంట. గురువారం మీ హఫర్ సంతకు, గొర్రెలకు."

పెళ్లాం కువైట్‌లో, ఇళ్ల పనిలో. బాబా అంటే ఆ ఇంటి యజమాని. నేను ఇక్కడ హఫర్‌లో, అంగట్లో. మధ్యలో ఒక సరిహద్దు. మూడేళ్లయింది కళ్లతో చూసి. కాలు నిలవడం లేదు.

ఫిబ్రవరి 18

మళ్లీ చేసింది. "దూరం నుంచే చూడు. మాట్లాడగాకు. నాకు మొగుడు లేడని చెప్పినాడు కదా ఏజెంటు. తెలిస్తే పంపించేస్తారు."

మొగుడున్న ఆడదైతే పనిలో నిలవదని ఆ ఇళ్లవాళ్ల భయం. అందుకని ఏజెంటు మాటల్లోనే నన్ను చంపేశాడు. అప్పట్లో ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

ఫిబ్రవరి 21

గడ్డం గీయించుకున్నాను. కొత్త చొక్కా. అంగట్లో నాతో పాటు తాళ్లు, టార్పాలిన్లు అమ్మే పఠాన్ గుల్ ఖాన్ "షాదీ హై క్యా?" అని ఒకటే నవ్వు. అవును, పెళ్లే అన్నాను.

ఫిబ్రవరి 22, గురువారం



పెద్ద బండి గొర్రెల దొడ్ల దగ్గర ఆగింది. దిగిన ఆడవాళ్లంతా నల్లటి అబాయాల్లో, మొహాలకు ముసుగులు. బాబా వాళ్ల చంటిదాన్ని ఎత్తుకుని వస్తానంది, దాన్నిబట్టి పోల్చుకున్నాను. నడకా ఆమెదే. నా కోసం వెతుకుతోంది... వేరే అంగళ్ల వరసలో వెతుకుతోంది. తిరిగి బండెక్కబోతోంది...

"మస్తానీ!"

అరిచేశాను. మా ఊళ్లోనే నలుగురిలో పేరు పెట్టి పిలిచినవాణ్ణి కాను. ఇక్కడైతే సంతలో ఆడమనిషి పేరెత్తడం తిట్టినంత పని. అందరూ తిరిగి చూశారు. ఆమె ఒక్కతే చూడలేదు. గుల్ ఖాన్ నా నోరు మూశాడు. "పాగల్! బజార్ మే ఔరత్ కా నామ్ లేతా హై?"

బాబా నేరుగా అంగట్లోకి వచ్చాడు. తెల్లగడ్డం పెద్దాయన. ఆమె నీకు తెలుసా అని అరబ్బీలో అడిగాడు. ఆమెనడిగితే తెలియదందట.

నేనూ తెలియదన్నాను. అదే పేరున్న మా ఊరి మనిషనుకుని పొరబడ్డానన్నాను. మన్నించమన్నాను.

ఆయన మెత్తబడ్డాడు. పాపం మొగుడు పోయిన మనిషి, బెదరగొట్టావు అన్నాడు. చేతులెత్తి ఆ పోయినవాడి కోసం దువా చేశాడు. ఆమీన్ అన్నాను. డేరా తాళ్లు రెండు కట్టలు కొనుక్కుని వెళ్లిపోయాడు.

ఫిబ్రవరి 23

నమాజుకు వెళ్లాను. ఏమీ అడగబుద్ధి కాలేదు.

ఫిబ్రవరి 26

ఫోన్ లేదు.

మార్చి 1

చేసింది. కువైట్ చేరారట. ముందు ఏడుపు. "ఎందుకు అరిస్తివి? నీ గొంతు ఇని పానం పోయింది. తిరిగి చూడకుండా ఎట్లుంటినో దేవునికే తెలుసు." తర్వాత, "నువ్వు గూడా తెలీదనడం మంచిదైందిలే" అంది. ఆ మాట మింగుడు పడడం లేదు.

బాబా ఆమెను కూర్చోబెట్టి చెప్పాడట — ఎప్పటికీ మా ఇంట్లోనే ఉండిపో, నీకింకెవరున్నారు అని.

"ఏం చెప్పేది? ఉందునా, పని మానుకోని వచ్చేద్దునా?"

రేపు చెప్తానన్నాను.

మార్చి 2

ఫోన్ మోగుతోంది. ఆమే. రమ్మనాలనే ఉంది, ఒట్టు... ఎత్తితే, ఆ రోజు తెలియదన్న నోటితోనే ఉండమంటానేమో. భయంగా ఉంది.

ఇంకా మోగుతోంది.