చెప్పుల గూట్లోని తాళం

ఆదివారం, ఆగస్టు 2004

నాన్న జీపులో యాక్సిడెంటైన ఓ కారు నుంచి తీసిన ఇంజను కూర్చుంది. దాని కంప్యూటర్ డబ్బాకి వైర్లన్నీ కలపడానికి చిలకలగూడ మెకానిక్ యాదగిరికి నెల పట్టింది. ఇవాళ నాన్న తాళం తిప్పితే స్టార్టయి, రెండు సెకన్లకే ఆగిపోయింది. మూడుసార్లూ అంతే.

“వైర్లు మంచిగనే ఉన్నయ్ సార్. గీ డబ్బా మన తాళాన్ని గుర్తువడ్తలేదు. ఇంజన్ తీసిన కారు తాళం యాడుంది?” అన్నాడు యాదగిరి.

యాక్సిడెంటైన బండి తాళం అచ్చిరాదని అమ్మ దాన్ని చెప్పుల గూట్లో పడేసింది. మల్కాజ్‌గిరిలో మా ఇంటికి వెళ్లి తెచ్చాను. అందులోని చిప్‌ దగ్గరుంటే చాలట, దాన్ని తిప్పను కూడా లేదు. నేను స్టీరింగు దగ్గర ఊరికే పట్టుకున్నాను, నాన్న జీపు తాళం తిప్పాడు, ఇంజను ఇక ఆగలేదు!

ఆ కారు నడిపినతను ఏమయ్యాడో నేనింతవరకూ ఎవరినీ అడగలేదు. డబ్బా మాత్రం ఇన్నాళ్లూ అతని తాళం కోసమే చూసింది.