పసుప్పచ్చని సన్నాయి

నెల్లూరు,
18-6-1961

అమ్మకు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరమూ క్షేమమని రాసి, కొట్టేశాను. ఒకరు క్షేమంగా లేరు.

"కామాక్షికి కామెర్లు తగ్గినాయా? పథ్యం చేయిస్తున్నావా?" అని అడిగావు. దానికి కామెర్లు లేవమ్మా, ఎప్పుడూ లేవు. డాక్టరు రెప్పలు విప్పి చూశాడు. కళ్ళు తెల్లగా ఉన్నాయి. ఇందుకూరుపేట పెళ్ళిలో నీ ఒళ్ళో కూర్చుని, "అమ్మమ్మా, సన్నాయి పసుప్పచ్చగా ఉంది" అంది. అంతే! "ఏందిమే, పాట పచ్చగా కనపడతా ఉందా? అయితే కామెర్లే!" అని తెల్లవారగానే కామెర్లకు చురకలేసే ముత్యాలయ్య దగ్గరికి లాక్కుపోయి, కాల్చిన పసుపుకొమ్ముతో మణికట్టు మీద చురక పెట్టించావు. అతనిది మంచి హస్తవాసి అని రాశావు. ఆ హస్తవాసికి చీము పట్టింది. ఫిడేలు పట్టే చెయ్యి అది.

చెయ్యి మానుతుంది. మొన్న ఫిడేలు మాస్టారు పద్మనాభయ్యగారు, "ఈ రాగం ఎట్టుందమ్మా?" అని మామూలుగా అడిగారు. పిల్ల చెయ్యి వెనక్కి దాచుకుని, "ఏం కనపళ్ళేదు సార్, నిజంగా" అంది. తొమ్మిదేళ్ళకే భయంతో అబద్ధం నేర్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నీ మీదా, నా మీదా.

ఎందుకంటే నాకూ అంతేనమ్మా. నీ తిరగలి చప్పుడు నాకు ఊదారంగు. నీ గొంతు మామిడిచిగురు. ఇంత కోపంలోనూ అదే. చెబితే నువ్వేం చేయిస్తావో అని నోరు విప్పలేదు. మద్రాసులో చదువుకునేటప్పుడు, ఇలాంటివాళ్ళు ఉంటారనీ, ఇది రోగం కాదనీ ఒక పుస్తకంలో చూసి లైబ్రరీలోనే ఏడ్చాను. అయినా ఎవరికీ చెప్పలేదు. అంత చదువూ దేనికో!

నిన్న దాని పక్కన కూర్చుని, "మధ్యమం నాకు ఇటుకరంగులో ఉంటుందే" అన్నాను. గబుక్కున నావైపు తిరిగింది. "నీకూనా?" అంది. తర్వాత మెల్లిగా, "ఇటుక కాదు, నీలం."

"ఇటుకే."

"నీలమేమ్మా! నీకు చెవులు లేవా?" అని కసిరింది.

ఊరినుంచి వచ్చాక అది గొంతెత్తడం అదే మొదలు.

దాన్ని ఇక మీ ఊరు పంపను. ఈ మాట రాయడం తప్పేమో, తెలియదు; కొట్టేయను. చూడాలనుంటే నువ్వే రా. ముందు దాని చెయ్యి చూడు. తర్వాత నీ గొంతు ఏ రంగో అడుగు. అది చెప్పిందాకా నోరెత్తకుండా కూర్చో.

ఇట్లు,
ఇంకా నీమీద కోపంగానే ఉన్న నీ పెద్దకూతురు,
వెంకటశేషమ్మ