ముందు వాళ్ళని తీయమను

మంగళవారం

ఇవాళ నర్సీపట్నం కాలేజీలో అణ్వాయుధాల వ్యాప్తి నిరోధక ఒప్పందం పాఠం చెప్పాను. అప్పటికే బాంబు పేల్చిన ఐదు దేశాలూ దాన్ని ఉంచుకోవచ్చట, మిగతావాళ్ళు మాత్రం తయారు చేయకూడదట. ఎప్పటికైనా వదిలేస్తామని ఆ ఐదూ మాటిచ్చాయి. ఎక్కడ వదిలాయి? అందుకే మన దేశం సంతకం పెట్టలేదని గట్టిగానే చెప్పాను.

మా ఊరి లక్ష్మి లేచింది. "మేడమ్, మనూరి కరెంటు తీగల తీర్మానం కూడా ఇలాటిదే కదండీ?"

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. నా మొహం మాడిపోయింది.

అడవి పందులు రాకుండా చెరకు తోట చుట్టూ రాత్రిళ్ళు కరెంటు తీగ పెట్టడం మా మావయ్యగారే మొదలెట్టారు. ఇంకో నలుగురు పెట్టాక, ఊరి పెద్దగా ఆయనే తీర్పు చెప్పారు. పెట్టినవాళ్ళు ఉంచుకోవచ్చు, కొత్తగా ఎవరూ పెట్టకూడదు. పందులన్నీ లక్ష్మి వాళ్ళ తోట మీద పడ్డాయి. చూసి చూసి వాళ్ళ నాన్న కూడా దొంగచాటుగా తీగ లాగాడు. మొన్న వాళ్ళ ఆవే దానికి తగిలి చచ్చిపోయింది.

సాయంత్రం మావయ్యగారితో, మనమే ముందు తీసేద్దామన్నాను.

"ముందు ఆళ్ళని తియ్యమనమ్మా. తర్వాత సూద్దాం. నీకేటీ తెల్దు" అన్నారు.

ఆయనకి మోకాళ్ళ నొప్పులు. చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్ళి ఆ తీగ స్విచ్ వేసేది రోజూ నేనే.

ఇవాళా వేశాను.