ఎడమ వైపు ముక్కలు రెండు

నాచారం పాత ఊరి వెనక కాలనీలో కాపురముంటున్న, కీర్తిశేషులు సత్యనారాయణమూర్తి గారి భార్య కామాక్షి అను నేను, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాసుకున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిమితంగానే ఉంది. మాట విననివి మోకాళ్లూ చేతివేళ్లూ మాత్రమే. ఉప్పల్ వకీలు రామస్వామి గారు చూసి రాసుకోమని ఒక నమూనా ఇచ్చారు. నమూనా కాగితాన్ని నమ్మి ఒకసారి దెబ్బతిన్నదాన్ని కనుక అందులోని మాటలు కొన్నే తీసుకుని, మిగిలింది నాకు తోచినట్టు రాస్తున్నాను.

1. నేనుంటున్న ఇల్లు, పై అంతస్తుతో సహా, నా ఒక్కగానొక్క కొడుకు రాఘవేంద్రకు సర్వహక్కులతో చెందవలెను. పైన వాడే ఉంటున్నాడు కాబట్టి కొత్తగా ఇచ్చేదేమీ లేదు. వరండాలోని చెక్కబల్లను మాత్రం తీసేయకూడదు. నా దగ్గర అల్లిక నేర్చుకున్న ఆడవాళ్లందరూ దాని మీదే కూర్చున్నారు.

2. కుట్టుమిషను, నా చేతి గాజులు కోడలు గీతికకు చెందవలెను. ఆమెకు కుట్టు రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. అయినా నా వేళ్లు పట్టేసిన రోజున వేడినీళ్లు తెచ్చి పక్కన పెట్టి, ఉపన్యాసమివ్వకుండా వెళ్లిపోతుంది. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా గీతికదే. రాఘవేంద్రకు అప్పగిస్తే కంప్యూటర్‌లో ఎక్కించి మరచిపోతాడు.

3. ఆడపడుచు తారామణికి ఏమీ లేదు. మా అత్తగారి ఇత్తడి గుండిగను ఎవరి పెళ్లికో అని తీసుకెళ్లింది. అది ఆమె దగ్గరే ఉండనివ్వండి. అడిగి అడిగి నేను అలిసిపోయాను, మీరు మొదలుపెట్టవద్దు.

4. అల్లిక సూదులు, మిగిలిన ఊలు ఉండలు, ఎవరు మొదట అడిగితే వారికి ఇవ్వవలెను. అల్లిక నమూనా కాగితాలు మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు. ఒకదాన్ని నమ్మి చంటిపిల్లకు టోపీ అల్లితే నీళ్ల కుండకు సరిపోయింది. ఇంకోదాంట్లో స్వెటరు చెయ్యి ఎక్కడ ఆపాలో రాయడమే మరచిపోయారు. అచ్చేసినవాడు ఒక్కదాన్నీ అల్లి చూసి ఉండడు.

5. నా బీరువా కింది అరలో గుడ్డసంచీ ఒకటి ఉంది. పసిపిల్లల స్వెటరుకు అల్లిన వెనక ముక్క, రెండు చేతులు, రెండు ముందు ముక్కలు, కొంత పసుపుపచ్చ ఊలు అందులో ఉన్నాయి. ఈ సంచీ పక్క గల్లీలో ఉంటున్న లక్ష్మీనర్సమ్మకు చెందవలెను.

ఈమె ఎవరో చెప్పాలి. ఇప్పుడు మా ఇళ్లున్న చోట వాళ్ల కుటుంబం జొన్న పండించేది. మేము కోనసీమ నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నప్పుడు కుళాయి దగ్గర నాకు వంతు ఇప్పించింది ఆవిడే. తర్వాత అల్లిక నేర్చుకోవడానికి వచ్చి, నేర్చుకున్నాక కూడా రావడం మానలేదు. ఆవిడ కూతురు ప్రవీణకు తొలి కాన్పు దగ్గరపడినప్పుడు, బిడ్డను ఉయ్యాలలో వేసే వేళకు స్వెటరు అందాలని ఇద్దరం పని పంచుకున్నాం. ఎడమ ముందు ముక్క నాది, కుడిది ఆవిడది. నమూనా కాగితం ఇంగ్లీషులో ఉండేది, నేను చదివి చెప్పేదాన్ని. కుడి ముక్క దగ్గర ఒక్కటే మాట ఉంది: ఎడమదాని మాదిరిగానే అల్లవలెను. చంక, మెడ ఎదురువైపుకు రావాలి కదా, ఆ మాట లేదు. పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఎడమవే. తిరగేసి వేద్దామంటే అల్లిక లోపలి వైపు బయటికొస్తుంది.

చంక ఎటు రావాలో చూసుకోవద్దా అన్నాను. "నువ్వు సదివినట్టే అల్లిన గదక్కా" అంది. అక్కడితో ఆగితే ఒకటి విప్పి మళ్లీ అల్లుకునేవాళ్లం. అవి ప్రత్యేక రాష్ట్రం కోసం బందుల రోజులు. టీవీలో పొద్దస్తమానం అదే గొడవ. "మీ ఆంధ్రోళ్లు తప్పు ఒప్పుకోరు" అని ఆవిడ, మీవాళ్లకు చెప్పినా అర్థం కాదని నేను. నీ ముక్క విప్పమంటే నీదే విప్పమని. ఎవరూ విప్పలేదు. బిడ్డను ఉయ్యాలలో వేశారు, నన్ను పిలవలేదు. ఆ పిల్ల ఇప్పుడు బడికి మా గుమ్మం ముందునుంచే వెళుతోంది.

మొన్న రాష్ట్రం వేరయింది. ఏది ఎవరిదో తేల్చడానికి దానికి కమిటీలున్నాయి, ఈ సంచీకి ఎవరూ లేరు. ఆవిడ మాటను నేను మరచిపోలేదు. మోసే ఓపిక అయిపోయింది, అంతే. ఆవిడ లేకుండా ఆ బల్ల మీద కూర్చోవడం నాకు ఎన్నడూ బాగుండలేదు. ప్రవీణ మళ్లీ కడుపుతో ఉందని విన్నాను. కనుక నా ముక్కనే విప్పి, ఆ ఊలుతో కుడిది అల్లుకోవలెను.

పై 5వ అంశం రద్దు చేయడమైనది. కారణం రాస్తున్నాను. సాక్షిగా వస్తానన్న త్రిమూర్తులు గారు ఈ ఉదయం అంబర్‌పేట్‌లో పెళ్లికి వెళ్లిపోయారు. గీతిక నాతో చెప్పకుండా పక్క గల్లీకి వెళ్లి లక్ష్మీనర్సమ్మను వెంటబెట్టుకొచ్చింది. ఆవిడ ఆ బల్ల మీద తన పాత చోటులోనే కూర్చుంది. "ఏం రాసిన్రో ఇనకుంట సంతకం వెట్ట" అంటే గీతిక మొత్తం చదివి వినిపించింది. చదువుతున్నంతసేపూ నేను నేల చూస్తూ కూర్చున్నాను. సాక్షి సంతకం పెట్టినవారికే వీలునామాలో ఏమైనా ఇస్తే రేపు పేచీ వస్తుంది, ఏదో ఒకటే ఎంచుకోవాలని సంతకాలు చేయించడానికి వచ్చిన రామస్వామి గారు చెప్పారు. ఆవిడ ఆయన వైపు చూడలేదు. "సచ్చినంక ఇచ్చుడేంది అక్కా. సంతకం వెడ్త, సంచి ఇప్పుడే ఇయ్యి" అంది. ఇచ్చేశాను. రెండు ముక్కలూ ఒడిలో పరిచి చూసుకుని, "నీది మంచిగొచ్చింది, ఉండనీ. నాది ఇప్పుతా. రేపు పొద్దుగాల వస్త, చంక కాడ జర నువ్వే సూడాలె" అంది.

కాబట్టి కుడి ముక్క పూర్తయ్యేదాకా ఈ వీలునామా అమలులోకి రావడం ఆలస్యం కావచ్చు. వారసులు ఓపిక పట్టవలెను.

నాచారం, 9 జూన్ 2014

(సంతకం) కామాక్షి

సాక్షులు:
1. చెన్నయ్య, ఎదురింటివారు
2. లక్ష్మీనర్సమ్మ, పక్క గల్లీ