శనివారం టీవీ చూడొద్దు, తాతయ్యా

మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు పాలిటి సాక్షాత్తు అపశకునమైన హార్లన్ తాతయ్యగారి సముఖమునకు,

ఈ శనివారం మాకు ఆఖరి ఆట. ఓడితే కాన్ఫరెన్స్‌ జట్లన్నింటిలోకీ అట్టడుగున మిగులుతాం, టోర్నమెంటు గుమ్మం కూడా తొక్కనివ్వరు. ఇన్నేళ్లూ ఆట మొదలవగానే తమరు టీవీ వదిలి, బయట ఇండియానా చలిలో ట్రక్కెక్కి కూర్చునేవారు. గెలిస్తే తమరికి తెలిసేలా నానమ్మ వరండా దీపం ఆర్పి వెలిగించేది. తమరు చూడకపోతేనే గెలుస్తామని ఊరంతటికీ తెలుసు. తుంటి విరిగి ఆసుపత్రిలో టీవీ ఎదుట పడ్డారు, అప్పట్నుంచీ మేం ఒక్కటీ గెలవలేదు. కాబట్టి కాళ్లు పట్టుకుంటున్నా, తుంటికి తగలకుండానే. శనివారం గోడవైపు తిరిగి పడుకోండి.

ఇక్కడిదాకా రాసి, టీవీ కట్టేయమని నర్సు వెర్నాకి ఫోన్ చేశాను. కసిరి పడేసింది.

"సిగ్గులేదటయ్యా! ముసలాయన ముద్ద ముట్టడు, పలకడు. ఆట పెడితేనే లేచి కూర్చుని రిఫరీని తిడతాడు. ఆ తిట్లయ్యాకే నాలుగు చెంచాల సూపు గొంతు దిగుతుంది."

ఫోన్ పెట్టేసి మళ్లీ కలం పట్టాను, తాతయ్యా.

పై విన్నపం కొట్టేశాను. కళ్లార్పకుండా చూడు. మేం ఓడితే ఓడతాం. నా వంతు కూడా నువ్వే తిట్టు, సూపు మొత్తం తాగు. వచ్చే సీజనుకి నిన్ను మళ్లీ ఆ ట్రక్కులోకి తోసే పూచీ నాది.

నీ మనవడు