మొదటి బొట్టు అత్తమ్మకు

అక్కా,

నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది, తప్పులు సర్దుకుని చదువు. ఫోన్ చేద్దామంటే మాది ఒకటే గది, అందరికీ వినబడుతుంది.

అశోక్‌నగర్‌లో మా గదికి ఎండ రాదు. ఈ చలికి అత్తమ్మకు ఆయాసం పెరిగింది. అయినా తెల్లవారేసరికి తన రగ్గు నా మీదే ఉంటుంది. అడిగితే, "నాకు ఉడకపోస్తున్నది బిడ్డా" అంటుంది. వెచ్చని ఊరికి తీసుకెళ్లమని చిక్కడపల్లి డాక్టరు చెప్పాడు. ఇక్కడి కిరాయి కూడా మోయలేకపోతున్నాం. ఖమ్మంలో తాపీపని దొరుకుతుంది, మీ దగ్గరికే పోదామన్నాడు నీ మరిది. అత్తమ్మ ఒప్పుకోలేదు.

"కోడలి తల్లిగారి ఊర్ల పడి బతకాల్నా? నలుగురు నవ్వరా?" అంది.

అక్కా, అమ్మను ఒకసారి ఇక్కడికి పంపు. మామయ్య పోయాక అత్తమ్మను ఎవరూ బొట్టుపెట్టి పిలవలేదు. పక్కింటివాళ్లు పేరంటానికి పిలవడానికి వస్తే, నన్ను ముందుకు తోసి తను లోపలికి వెళ్లిపోతుంది. అమ్మ మాత్రం ముందు ఆమెకే బొట్టు పెట్టి, "మా ఊరికొచ్చి ఉండాలె వదినా" అని పిలవాలి. అప్పుడు కాదనదు.

నేను అడిగించానని తెలిస్తే ఆ బొట్టుకు విలువ ఉండదు. చదివాక దీన్ని పొయ్యిలో వెయ్యక్కా.

నీ చెల్లెలు