నడుమ కుట్టని బొంత

అక్కా,

పోయిన నెల నందవరంలో నీ మనవరాలిని ఉయ్యాలలో వేశారు. ముక్కు అచ్చం నీదే.

నేను కుట్టిన బొంత తీసుకెళ్లాను. నువ్వు పోయాక నాకు ఈ బొంతల పిచ్చి పట్టింది. ఆదోని బజారుకు పోతే కొత్త గుడ్డ కొనకుండా రాను. కుట్టేది తక్కువ, బీరువాలో పేర్చేది ఎక్కువ. ఉయ్యాల దగ్గర అందరూ నా బొంత రంగులు మెచ్చుకుంటుంటే నాకు గర్వంగానే ఉండింది.

నీ వియ్యపురాలు కూడా తన పాత చీరలతో ఒక బొంత కుట్టింది. దాని నడుమ మాత్రం ఖాళీగా వదిలింది. "ఈడ మీ అక్క చీర పెట్టల్ల. ఇద్దరు అవ్వల చీరలూ ఉంటేనే బిడ్డకు బొంత" అంది.

నీ కూతురు నా వైపు చూసింది. "చిన్నమ్మా, అమ్మ చీరలు నీతాన్నే ఉండాయి కదా. ఒకటి తెచ్చియ్యి."

తెస్తానన్నాను.

ఆ చీరలు లేవక్కా. కొత్త గుడ్డలకు చోటు చాలక, వీధిలోకి వచ్చిన స్టీలు సామాన్లామెకు అన్నీ వేసి ఒక గిన్నె తీసుకున్నాను. ఆ మాట నీ కూతురికి చెప్పడానికి నోరు రాలేదు. ఎమ్మిగనూరుకు పోయి, నువ్వు కట్టుకునే ఆకుపచ్చ నేత చీరలాంటిదే కొన్నాను. పాతదానిలా కనపడాలని రోజూ ఉతికి ఎండలో వేస్తున్నాను.

పొద్దున కూడా ఫోన్ చేసింది. "దొరికిందా చిన్నమ్మా? అత్త నడుమ కుట్టకుండా అట్లే పెట్టింది."

మంచి చీరే కొన్నానక్కా. ఎంత ఉతికినా రంగు దిగడం లేదు.